మూత తెరిచే ఉంది

మూడోసారీ తెర ఆయన కళ్ళ ముందే నల్లబడిపోయింది. సాదిరాలి మాస్టారి వేళ్ళు మీటల మీదే బిగుసుకున్నాయి.

"మళ్ళీ కన్ను మూసిందా అగాయ్?" అంది జూరాకాన్, మందు సీసాలు సర్దుతూ. అట్-బాషీ లోయలోని ఆ ఊరికి ఆమే నర్సూ, ఆమే డాక్టరూ. అక్కడ మాస్టారిని అందరూ అగాయ్ అనే పిలుస్తారు. "నేను ముట్టుకుంటే బుద్ధిగానే ఉంటుంది. మీరంటేనే దానికి భయం. ఎప్పుడో మీ క్లాసులో కూర్చుని ఉంటుంది లెండి."

మాస్టారికి నవ్వు రాలేదు. పాత విండోస్‌ను మోయలేక చతికిలపడిన ఆ ఆరోగ్య కేంద్రపు చిట్టి నెట్‌బుక్‌ను బాగుచేస్తానని మాట ఇచ్చింది తానే. పెన్‌డ్రైవ్ నుంచి తేలికపాటి లినక్స్ ఎక్కించారు. వైఫై పలకకపోతే దానికి కావలసిన ఫైలును ఫోనులోంచి తెచ్చి పలికించారు. అడుగు పలక విప్పి, మెమరీ ముక్క పళ్ళను పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్ళీ బిగించారు. ఇంత చేసినా, తాను టైపు చేయడానికి కూర్చున్న రెండు నిమిషాలకల్లా అది నిద్రలోకి జారుకుంటోంది. రేపు పది గంటలకు జిల్లా నుంచి తట్టు టీకాల బండి వస్తుంది. నలభై మూడు మంది పిల్లల జాబితా ఆలోపు ఇందులో సిద్ధం కావాలి. కాగితపు రిజిస్టరు చలికాలంలో పైకప్పు కారి నానిపోయింది.

గోడవార బల్ల మీద ఐజాదా కూర్చుని ఉంది. రెండేళ్ళ కొడుక్కి టీకా వేయించాలా వద్దా అన్న సందేహం ఆమెది.

అప్పుడే దిష్టి తీసే బురుల్చా, ఊరందరికీ ఎజే, అంటే పెద్దక్క, పొగలు కక్కుతున్న అర్చా చెట్టు కొమ్మలతో లోపలికి వచ్చింది. "ఇనుముకైనా దిష్టి తగులుద్ది తమ్ముడూ. పక్కకు జరుగు."

"కానివ్వండి ఎజే. మీ పొగకు దోమలైనా పోతాయి," అన్నారు మాస్టారు.

ఆమె నెట్‌బుక్ చుట్టూ మూడుసార్లు పొగ తిప్పింది. ఈలోగా జూరాకాన్ టీ కాచి, చేతులు కడుక్కోమని చెంబుతో నీళ్ళు తెచ్చింది. మాస్టారు కాస్త అటు తిరిగి చొక్కా చేతులు మడుచుకున్నారు. రొట్టె తిని, టీ తాగి, మళ్ళీ కూర్చున్నారు.

పది నిమిషాలు గడిచాయి. అరగంట. గంట. తెర వెలుగుతూనే ఉంది. జూరాకాన్ గుర్తు చేసుకుని చెబుతుంటే పిల్లల పేర్లు వరుసగా వచ్చి నిలిచాయి.

మాస్టారు నలభై మూడో పేరూ చేర్చారు.

"చూశారా!" ఐజాదా లేచి నిలబడింది. "పొగలూ తాయెత్తులూ బూటకమని బడిలో మా చెవులు హోరెత్తించారుగా అగాయ్? మీ యంత్రమే పొగకి లొంగింది. మరి నా కొడుక్కి సూదెందుకు? ఎజే చేత పొగేయిస్తే పోలా!" ఆమె పిల్లవాడికి శాలువా చుట్టసాగింది.

మాస్టారు గబగబా యంత్రం తనంతట తాను రాసుకునే దినచర్యను తెరిచారు. పదకొండు నలభై రెండు: మూత మూశారు, నిద్ర. అంతకు ముందు రెండుసార్లూ అదే మాట.

మూత ఎవరూ మూయలేదు; తెరిచే ఉంది, తాను చూస్తూనే ఉన్నారు. యంత్రానికి అబద్ధమాడవలసిన అవసరం ఏముంది? అసలు మూత పడిందని దానికెలా తెలుస్తుంది? మూత అంచున చిన్న అయస్కాంతం ఉంటుంది. ఎడమ మణికట్టు ఆనే చోట, పలక కింద, దాన్ని పసిగట్టే ముక్క ఉంటుంది.

ఎడమ మణికట్టు!

చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళి, కాలినట్టు వెనక్కి వచ్చింది. అందులో ఉన్నది అయస్కాంతపు కడియం. రక్తపోటును దించుతుందని అమ్మినవాడు ఒట్టు వేస్తే ఎనిమిది నెలల క్రితం బజారులో కొన్నారు. పూర్తిగా నమ్మలేదు, తీయనూ లేదు. ఇన్నాళ్ళూ చొక్కా చేతి కింద దాచారు. ఇందాక నీళ్ళు తగలకుండా జేబులో వేసుకున్నారు. ముప్పై ఏడేళ్ళు అయస్కాంతాల పాఠం చెప్పిన మనిషి!

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. జాబితా సిద్ధమైంది. ఐజాదా చెయ్యి తలుపు గడియ మీద ఉంది.

"ఆగమ్మా," అన్నారు. కడియం తీసి మీటల పక్కన, ఎడమవైపు పెట్టారు.

తెర నల్లబడింది.

"ఓరి దేవుడా!" జూరాకాన్ చేతిలోని సీసా మూత కింద పడింది.

కడియం తీసి మీట నొక్కారు. తెర వెలిగింది. ఐజాదా వెనక్కి వచ్చి, మాస్టారి చేతిలోంచి కడియం లాక్కుని, తానే రెండుసార్లు పెట్టి తీసింది. బురుల్చా పట్టుదలగా మళ్ళీ పొగ పట్టింది. పొగలోనూ, కడియం పెట్టగానే తెర ఆరింది.

"అయితే తమ్ముడూ, నువ్వూ మావాడివేనన్నమాట!" అంది బురుల్చా, కొమ్మలు దించి. ఆ గొంతులో విజయం కన్నా విస్మయమే ఎక్కువ.

"రక్తపోటంటే భయపడ్డాను ఎజే," అన్నారు మాస్టారు. "భయం పాఠం వినదు."

జూరాకాన్‌కు నవ్వు రాలేదు. "మరి నేనిచ్చిన మాత్రలు?"

ఆయన తల దించుకున్నారు.

"ఎప్పుడు మానేశారు?"

"కడియం కొన్నాక."

ఆమె బీపీ పట్టీ తెచ్చి, అదే ఎడమ చేతికి చుట్టింది. బల్బు నొక్కి, ముల్లు దిగడాన్ని చూసింది. మళ్ళీ నొక్కింది.

"నూట తొంభై ఎనిమిది," అంది మెల్లగా. "అగాయ్, మీరు నడిచెలా వచ్చారు?"

ఐజాదా తన చేతిలోని కడియాన్ని చూసింది, ఆయన మొహాన్ని చూసింది. అదేదో తేలన్నట్టు బల్ల చివరకు తోసేసింది. కూర్చుని పిల్లవాడి శాలువా విప్పింది.

"రేపు బండి ఎన్నింటికన్నావక్కా?"

"పదింటికి."

"నా కొడుకు పేరుందో లేదో ఇప్పుడే చూడండి అగాయ్," అంది. "కాదులెండి, మీరు మాత్ర వేసుకోండి. అక్క చూస్తుంది."