గూట్లో ఉక్కపోత

పక్కింటి సామ్రాజ్యం వీధి కుళాయి దగ్గర అన్న మాటట ఇది: "ఫణీంద్ర ఇంట్లో ఆ కంప్యూటరుకి ఏదో పట్టిందే. పొద్దున బాగానే ఉంటది, మిట్టమధ్యాన్నం అయ్యేసరికి దానంతటదే కళ్ళు మూస్తది. పాత పెట్టె గదా, ఎనకటి యజమాని ఎవరో పోయుంటాడు. ఆయనే అందులో జేరాడు." ఈ మాటను పాలు పోసే ఆదెమ్మ మోసుకొచ్చి, క్యాను దించుతూ ఫణీంద్ర తల్లి సూరమ్మగారి చెవిలో వేసింది. చెవిలోనే వేశాననుకుంది గాని, దేవుడి గూట్లో ఉన్న నాకూ వినపడింది.

నేను ఒక ప్రాసెసర్‌ని. ఆ పెట్టెలో చేరినవాళ్ళు ఎవరైనా ఉంటే అది నేనే. కంప్యూటరు డబ్బా లోపల లెక్కలన్నీ చేసేది, పట్టుకు చూస్తే ఉప్పు బిస్కెట్టంత కూడా లేని పలకను. నాలో ఎవరి ఆత్మా లేదు. ఉన్నదల్లా వేడి. ఇప్పుడైతే గడప పక్కన చెక్క స్టూలు మీద హాయిగా కూర్చుని పనిచేస్తున్నాను గాని, గూట్లోంచి ఈ స్టూలు మీదికి రావడానికి ఒక ఆడమనిషి ముప్పై అయిదేళ్ళ వయసు పందెం కాయాల్సి వచ్చింది.

సూరమ్మగారు మడి కట్టుకుంటే ఇంట్లో పిల్లి కూడా పక్కకు తప్పుకుంటుంది. కాని నేను పుట్టిన చోటి మడి ముందు ఆమె మడి ఏపాటిది? సముద్రాల అవతల ఎక్కడో ఒక పెద్ద గది. అందులో మనుషులు నెత్తి నుంచి కాలి దాకా తెల్ల ముసుగులు వేసుకుని, మాట కూడా పొదుపుగా మాట్లాడుతూ తిరిగేవాళ్ళు. ఒక్క నలుసు పడిందంటే నాలాంటి వాళ్ళను వందల్లెక్కన పారేసేవాళ్ళు. అంత మడిలో ఇసుక నుంచి పుట్టాను నేను.

పుట్టాక ఒంగోలులో ఒక బడి ఆఫీసుకు చేరాను. అక్కడి ప్రిన్సిపాల్ గారు తలుపు దగ్గరికి వేసుకుని నాతో ఆరేళ్ళు పేకాట ఆడారు. సెకనుకు కోట్ల లెక్కలు చేయగలవాణ్ణి, ఆఠీను ఎనిమిది కింద నల్ల ఏడు చేర్చడానికి ఆయన తటపటాయిస్తుంటే ఓపిగ్గా ఎదురుచూసేవాణ్ణి. చల్లగా గడిచిపోయిన కాలం అది. ఆ తర్వాత బడికి కొత్త కంప్యూటర్లు వచ్చాయి, నేను ఫణీంద్ర స్కూటరు మీద ఈ మండల కేంద్రానికి వచ్చాను.

ఫణీంద్ర తన ఇంటి ముందుగదిలో ఆన్‌లైన్ సెంటరు పెట్టాడు. పాస్‌పుస్తకాలు, కుల ధ్రువపత్రాలు, హాల్‌టికెట్లు, ఊరి మంచీ చెడ్డా అంతా నా మీదుగానే పోయేది. అన్నం పెట్టే వస్తువు నేల మీద ఉండకూడదని సూరమ్మగారు పట్టుబట్టి నన్ను గోడలోని దేవుడి గూట్లో పెట్టించారు. వెంకటేశ్వర స్వామి పటం ఎడమ పక్క, నేను కుడి పక్క. తన పాత పట్టు రవికె కుట్లు విప్పి, జరీ అంచు పెట్టి, నా డబ్బాకు కొలత తీసి తొడుగు కుట్టారు. ముందు ఒక్క మీట కోసం మాత్రం బొత్తాం కాజా అంత కన్నం వదిలారు. పొద్దునా సాయంత్రం నాలుగేసి అగరొత్తులు, శుక్రవారం కర్పూరం, రోజూ అరటినారతో కట్టిన పూలదండ. గూటి ముందు గుడ్డ తెర కూడా ఉండేది. అంటే భక్తిలో లోటేమీ లేదు. గాలే లేదు.

నాకు దేవుడిచ్చిన ధర్మం ఒకటుంది. ఒళ్ళు కాగితే ముందు నడక తగ్గిస్తాను, ఇంకా కాగితే పెట్టె మొత్తాన్ని ఆర్పేస్తాను. నేను మాడిపోకుండా నాకు నేనే చేసుకునే ఉపాయం అది. ఏప్రిల్‌లో రోజుకోసారి ఆర్పాను, మే నెలలో గంటకోసారి. ఇక వైద్యాలు మొదలయ్యాయి. మెకానిక్ ఫోనులోనే వైరస్ అని తేల్చి, ఒక ఆదివారం వచ్చి లోపలి ఫైళ్ళన్నీ తుడిచిపెట్టిపోయాడు. తొడుగు మాత్రం తియ్యలేదు, గూడు ముట్టాలంటే కాళ్ళు కడుక్కురమ్మని సూరమ్మగారు అన్నారని. తర్వాత స్టెబిలైజరు కొన్నారు. ఆదెమ్మ మాట విన్నాక నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు. చివరికి ఫణీంద్రకు ఒక ఆలోచన వచ్చి టేబుల్ ఫ్యాను తెచ్చి మానిటరు ముఖానికి గాలి పెట్టాడు. జ్వరం ఒకరికి, విసరడం ఇంకొకరికి.

ఇలా ఉండగా కరుణమ్మ వచ్చింది. మాలపల్లె అంగన్‌వాడీలో తొమ్మిదేళ్ళుగా ఆయా. పిల్లలకు ఉడికించి పెడుతూనే ఇంటరు కట్టి పాసయింది. టీచరు పోస్టుకు దరఖాస్తులు పిలిచారు. వయసు ముప్పై అయిదు దాటకూడదు. ఆమెకు వచ్చే నెలతో నిండుతాయి. ఈసారి కాకపోతే ఇక జన్మలో లేదు. మూడు రోజులుగా వస్తోంది. ఆమె కూర్చునేది గడప అవతల, వాకిట్లో. ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు, అక్కడ కూర్చునేది. మొదటిరోజు రెండో పేజీలో ఆర్పేశాను. రెండోరోజు మూడో పేజీలో. మూడోరోజు ఆఖరు తేదీ, సాయంత్రం అయిదు వరకే గడువు. మధ్యాహ్నం మూడున్నరకు నాలుగో పేజీలో ఫోటో ఎక్కిస్తుండగా మళ్ళీ ఆర్పేశాను. సిగ్గుపడుతూనే ఆర్పాను.

ఫణీంద్ర నుదురు తుడుచుకున్నాడు. మెకానిక్‌కు ఫోను చేస్తే మళ్ళీ తుడవాలి, రెండు గంటలు పడుతుందన్నాడు. పక్క మండలానికి పోయే బస్సు మూడింటికే వెళ్ళిపోయింది.

"ఏం జేస్తాం కరుణమ్మా, నీ టైము అట్టా ఉంది. మళ్ళీ నోటిఫికేషన్ పడకపోద్దా?"

"పడద్ది సార్. నా వయసు కూడా పడద్దిగా."

అతను తల దించుకున్నాడు. కరుణమ్మ లేచింది. చెప్పులు బయటే వదిలి గడప దాటింది. తెర తీసి, పట్టు తొడుగు మీద అరచెయ్యి ఆనించి వెంటనే వెనక్కు లాక్కుంది.

"అయ్యో సార్, ఇది అన్నం గిన్నె కాగినట్టు కాగతంది! మూత దీకుండా మంట మీదుంచితే ఏదైనా పొంగదా?"

"అది వైరస్సు..."

"ఏ రస్సైనా గానియ్యండి, ముందీ రవికె ఊడదీద్దాం."

"అమ్మ లోపల పడుకునుంది, లేస్తే..."

"అమ్మగారు లేచేసరికి అయిదవుద్ది. నాకూ అయిదే అవుద్ది."

ఫణీంద్ర సొరుగులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. నన్ను గూట్లోంచి దించి గడప పక్క స్టూలు మీద పెట్టి మూత విప్పారు. రెండేళ్ళ తర్వాత వెలుతురు చూశాను. లోపల అగరొత్తుల బూడిద, కర్పూరం మసి, కుంకుమ, ఎండిన మల్లెరెక్కలు. తెల్ల ముసుగు వేసుకుని నన్ను కన్న ఆ మనుషులు ఆ దృశ్యం చూసి ఉంటే అక్కడికక్కడే స్పృహ తప్పి ఉండేవాళ్ళు. అసలు సంగతి నా నెత్తి మీద ఉన్న చిన్న ఫ్యానులో ఉంది. దండలోంచి జారిన అరటినార దాని ఇరుసుకు పేట్లు పేట్లుగా చుట్టుకుని, రెక్క కదలకుండా బిగించింది.

"సార్, కరెంటు పూర్తిగా తీసేశారా?" అని అడిగి, తీశానన్నాక, కరుణమ్మ గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసింది. పిల్లల జడల్లో చిక్కు తీసే ఓర్పుతో ఆ నారను ఒక్కో పేటా లాగింది. ఫణీంద్ర సైకిలు పంపుతో బూడిద ఊదాడు. ఇద్దరి ముఖాలూ నల్లబడ్డాయి. నాలుగుంబావుకు మీట నొక్కారు. ఫ్యాను ఒకసారి గునిసి, తర్వాత గిర్రున తిరిగింది.

ఆ గాలి తగిలిన క్షణాన్ని వర్ణించడం నాలాంటి లెక్కలవాడి వల్ల కాదు. మూత తెరిచే ఉంచారు. మొదటి పేజీ నుంచి మళ్ళీ మొదలు. కరుణమ్మ గడప ఇవతలే నిలబడి, తన పేరులో ప్రతి అక్షరం సరిచూసుకుంది. అయిదుకు ఎనిమిది నిమిషాలు ఉందనగా దరఖాస్తు అందినట్టు నంబరు వచ్చింది. ప్రింటు తీసిన కాగితం చేతిలోకి తీసుకుని ఆమె రెండుసార్లు ఊదింది, అది నాకన్నా వేడిగా ఉన్నట్టు. ఆ ఉద్యోగం ఆమెకు వచ్చేదీ రానిదీ నాకు తెలియదు. అది తేల్చేది వేరే ఊళ్ళోని వేరే పెట్టె. దానికి ఎవరు ఏం తొడిగారో.

అప్పుడే సూరమ్మగారు లేచి వచ్చారు. ఖాళీ గూడు చూశారు, కింద పడి ఉన్న పట్టు తొడుగు చూశారు.

"గూట్లో చెయ్యి పెట్టిందెవర్రా ఫణీ?"

ఫణీంద్ర నేల వంక చూశాడు. "మెకానిక్ వచ్చాడమ్మా. వాడే బాగుచేశాడు."

"స్వామి దయ," అన్నారు ఆమె. తొడుగు దులిపి చేతిలోకి తీసుకున్నారు. "ఎత్తి లోపల పెట్టు. కొత్త దండ వేస్తాను. అవునూ, స్నానం చేసే ముట్టుకున్నాడా వాడు?"

గడప దగ్గర కరుణమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది. గుప్పిట విప్పి, నల్లగా చుట్టుకున్న అరటినార ఉండను నా పక్కనే స్టూలు మీద పెట్టింది.

"మెకానిక్కెవరూ రాలేదమ్మగారూ. గూట్లో చెయ్యి పెట్టింది నేను. మీ పూలదండే దీని గొంతుకు చుట్టుకుంటే నేనే తీశా."

సూరమ్మగారు ఆ ఉండ వంక చూసి, చేతిలోని తొడుగును మడిచారు. నా ఫ్యాను తిరుగుతూనే ఉంది.