తెగని సొరకాయ

ఆదివారం పొద్దున్నే అక్క కుట్టుమిషను మీద దుప్పటి కప్పేసి, వంటింటి బల్లకి నూడుల్స్ మిషను బిగించేది. మిషను అంటే పెద్దదేం కాదు. ఒకవైపు పిడి, దానికి పళ్ళున్న చక్రం, ఎదురుగా ఒక బ్లేడు. క్యారెట్టో దోసకాయో లేత సొరకాయో ఆ పళ్ళకి గుచ్చి పిడి తిప్పితే, అవతలి నుంచి సన్నటి తీగ చుట్టలు చుట్టుకుంటూ గిన్నెలోకి దిగుతుంది. మరిగే ఉప్పునీళ్ళలో ఒక్కసారి ముంచి తీస్తే నూడుల్స్ తయారు.

ఇదంతా బావ వల్ల వచ్చింది. బావ బస్సు డ్రైవరు. నూడుల్స్ అంటే ప్రాణం పెట్టేవాడు. మైదా ముట్టుకోవద్దని డాక్టరు చెప్పిన రోజు ఆయన ఇంటికొచ్చి, తనకింక బతుకు మీద ఆశ లేదన్నట్టు గోడవైపు తిరిగి పడుకున్నాడు. "లేవండి, మీ నూడుల్స్ ఎక్కడికీ పోలేదు," అని అక్క బజారుకెళ్ళి ఈ మిషను కొనుక్కొచ్చింది. మొదటి పళ్ళెం ముందు కూర్చుని ఆయన మొహం మాడ్చుకున్నాడు. రెండో పళ్ళెం తనే వడ్డించుకున్నాడు.

ఆ ఇంట్లో తీగ పొడుగు కాయని బట్టి ఉండేది కాదు, తిప్పే మనిషి మాటని బట్టి ఉండేది. అక్క దర్జీ కదా, వీధిలో ఆడవాళ్ళందరి కొలతలూ, కొలతలతో పాటు కబుర్లూ ఆవిడ దగ్గరే ఉండేవి. కొలిచేటప్పుడు ఊపిరి బిగబట్టి నడుము సన్నం చేసుకునే టీచరుగారు, ఇంటికెళ్ళి ఊపిరి వదలగానే హుక్కులు ఊడాయని ఎలా పోట్లాటకొచ్చిందో చెప్తూ తిప్పితే, ఒక్క క్యారెట్టు పెద్ద బేసిన్ నిండా వచ్చేది. బావ తిప్పినా తీగ బాగానే సాగేది. వాన నీళ్ళలో మునిగిన వంతెన మీంచి బస్సు దాటించిన కథ ఆయన మొదలుపెడితే, "సొరకాయ చేతిలో పెడితే కోతలకేం తక్కువ!" అని అక్క నవ్వేది. పక్కింటావిడ అప్పుడప్పుడు గుమ్మంలోకొచ్చి, "చుట్టాలు దిగారమ్మా, ఇంట్లో ఒక్కటే దోసకాయ ఉంది. కాస్త నాలుగు మాటలు మాట్లాడి పెట్టవూ?" అని అడిగేది. అక్క చేతిపని ఆపి, నాలుగు మాటలు మాట్లాడి, ఆరుగురికి సరిపడా తీసిచ్చేది.

అక్కకి ఒక్కటే దిగులు, తమ్ముడు. వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. నలభైకి దగ్గర పడుతున్నా పక్కగదిలో ఒంటరిగానే ఉంటున్నాడు. అమ్మానాన్నా పోయినప్పటి నుంచీ అక్కే వాణ్ణి పెంచింది. నోట్లోంచి మాట రావడమే గగనం, అందుకని తోటి పనివాళ్ళు వాడికి 'సైలెంటు' అని పేరు పెట్టారు. మిషను కొత్తగా వచ్చినప్పుడు బావ బలవంతాన వాడి చేత పిడి పట్టించాడు. టక్కుమని ఒక ముక్క రాలిపడింది. "ఇది నూడుల్ కాదు బామ్మర్దీ, అగ్గిపుల్ల!" అని బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. తమ్ముడూ నవ్వాడు. మళ్ళీ దాని జోలికి పోలేదు.

వాడి వంతు పని ఆకులు తేవడం. వీధి చివర మొక్కలు అమ్మే ఆవిడ కొట్టు పెట్టిన దగ్గర్నుంచీ ప్రతి ఆదివారం వెళ్ళి పుదీనా, కొత్తిమీర, తులసి జాతి బేజిల్ ఆకు తెచ్చేవాడు. అక్క వాటిని మిక్సీలో వేసేది కాదు. మిక్సీలో ఆకు వేడెక్కి నల్లబడుతుందని చిన్న రోట్లో వెల్లుల్లితో, రాళ్ళ ఉప్పుతో మెత్తగా నూరి, నిమ్మరసం పిండి, వేయించిన బాదం పొడి కలిపేది. పైన రెండు చెంచాల నూనె పోస్తే పచ్చగా మెరిసిపోయేది. ఆకు కట్టలు చాలవన్నట్టు వాడు కుండీలు కూడా మోసుకొచ్చేవాడు. బాల్కనీలో బట్టలారేయడానికి చోటు లేకుండా పోయింది. "ఇంకెందుకురా పుదీనా, మనం మనుషులమా మేకలమా?" అని అక్క అరిస్తే, తలొంచుకుని ఇంకో కుండీకి చోటు చేసేవాడు.

ఒక శుక్రవారం సాయంత్రం అన్నం తింటూ తమ్ముడు, "అక్కా, సోమవారం నుంచి నాకు వేరే ఊళ్ళో పని," అన్నాడు.

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. "వేరే ఊరేంటి? ఎన్నాళ్ళు?"

"ఇంక ఎప్పటికీ అక్కడే. ఆఫీసరు ఫోన్ చేశాడు."

"నువ్వేమన్నావు?"

"సరే అన్నాను."

"వెళ్ళాలని ఉందా నీకు?"

వాడు నీళ్ళు తాగాడు, కంచం తీసుకెళ్ళి కడుక్కున్నాడు. అక్కకి ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నా వాడికేది ఇష్టమో ఏది కష్టమో తనకి తెలీదని అప్పుడే తెలిసొచ్చింది. బావ మెల్లిగా, "పోనీ నేను మాట్లాడనా?" అన్నాడు. "ఏమని మాట్లాడతారు? వాడి మనసులో ఏముందో మీకు తెలుసా, నాకు తెలుసా?" అంది అక్క.

ఆదివారం వచ్చింది. తమ్ముడు ఆకుల కోసం బయటికి వెళ్ళలేదు. గదిలో పెట్టె సర్దుకుంటూ కూర్చున్నాడు. అక్క వాడి కోసం కొత్త చొక్కా కుడుతూ పరాకులో వేలికి సూది దింపుకుంది. అక్క వేలికి గుడ్డ చుట్టుకుంటుంటే గుమ్మంలో మొక్కలావిడ నిలబడి ఉంది. చంకలో పెద్ద పుదీనా కట్ట.

"ఏం లేదక్కా, ఈయన రాలేదు కదా, ఒంట్లో బాగాలేదేమోనని నేనే తెచ్చాను. వాడిపోతుంది చూడండి, నీళ్ళలో పెట్టండి. కాడలు పారేయకండి, వాసనంతా కాడల్లోనే ఉంటుంది..." అని గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతోంది.

"వాడికేం, రాయిలా ఉన్నాడు. రేపు ఊరు మారిపోతున్నాడమ్మా," అంది అక్క.

మొక్కలావిడ చెప్పడం ఆపేసింది. ఆవిడ మాట ఆగడం ఆ వీధిలో ఎవరూ వినలేదు. అక్క ఆవిడ మొహం చూసింది, పుదీనా కట్ట చూసింది, బాల్కనీలో అడవిలా పెరిగిన కుండీలు చూసింది. "లోపలికి రా అమ్మా, తిని వెళ్ళు," అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది. తరవాత గదివైపు తిరిగి, "ఒరేయ్! నా వేలు తెగింది. వచ్చి సొరకాయ తిప్పు," అని కేకేసింది.

"నేనున్నానుగా," అని బావ లేవబోయాడు.

"మీరు కూర్చోండి," అంది అక్క. ఆయన కూర్చున్నాడు.

తమ్ముడు వచ్చాడు. మొక్కలావిణ్ణి చూసి గుమ్మంలోనే తడబడి, తరవాత ఎవరివైపూ చూడకుండా సొరకాయ గుచ్చి పిడి పట్టుకున్నాడు. పెదవి కదపలేదు. అగ్గిపుల్ల రాలుతుందని బావ ముందే నవ్వు మొహం పెట్టాడు.

తీగ మొదలైంది. సన్నగా, తెల్లగా, పచ్చటి అంచుతో గిన్నెలోకి దిగింది. గిన్నె నిండింది. అక్క బేసిన్ తోసింది, అదీ నిండింది. బావ నవ్వు మరిచిపోయి బకెట్టు తెచ్చాడు. వాడు తిప్పుతూనే ఉన్నాడు. సొరకాయ అంగుళం కూడా తరగలేదు. తీగ బకెట్టు దాటి బల్ల మీద పాకి, కుర్చీ చేతుల్ని చుట్టుకుంది. అక్క కొలత టేపు చుట్టినట్టు మోచేతికి చుట్టడం మొదలుపెట్టింది. రెండు చేతులూ నిండిపోయాయి. ఇన్నాళ్ళూ తీగ నోట్లోంచి వచ్చే మాటని బట్టి వస్తుందనుకుంది ఆవిడ. ఇప్పుడు అర్థమైంది. వాడి లోపల ఇంత పేరుకుపోయి ఉంది, మరి!

మొక్కలావిడ లేచి నేలమీదున్న తీగ కొస పట్టుకుంది. ఉన్ని చుట్టినట్టు ఉండ చుట్టుకుంటూ, అడుగులో అడుగు వేసుకుంటూ మిషను దాకా వచ్చి ఆగింది.

"ఇంత మాట ఎవరితో చెప్పడానికండీ దాచుకున్నారు?" అంది నెమ్మదిగా.

తమ్ముడి చెయ్యి ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి. "మీతోనే," అన్నాడు. ఆ ఒక్క ముక్క దాటేసరికి మిగతాది దానంతటదే వచ్చేసింది. "నాకసలు పుదీనా పడదండీ. తింటే తుమ్ములొస్తాయి. మీరు కుండీ చేతికిస్తూ ఆకుల గురించి చెప్తుంటే, ఇంకాస్తసేపు చెప్పాలని ఇంకో కుండీ అడిగేవాణ్ణి. మీ కొట్టు ముందు బల్ల కాలు విరిగితే బాగుచేసింది నేనే. నాకు ఆ ఊరు వద్దు."

"ఓరి నీ అసాధ్యం కూలా!" అన్నాడు బావ. అక్క ఆయన కాలు తొక్కింది.

మొక్కలావిడ ఉండ బల్ల మీద పెట్టి, ఒక క్యారెట్టు తీసుకుని, "ఇటివ్వండి," అని పిడి అందుకుంది. ఆవిడ మాటకారితనానికి ఇల్లంతా నారింజ రంగు తీగలతో నిండిపోతుందని అక్క ఖాళీ గిన్నెల కోసం వెతికింది. ఆవిడ ఒక్క చుట్టు తిప్పింది. వేలెడంత ముక్క టప్పున బల్ల మీద రాలింది. మళ్ళీ తిప్పింది. ఇంకేం రాలేదు.

తమ్ముడి మొహం పాలిపోయింది. బావ గొంతు సవరించుకున్నాడు.

"అలా చూస్తారేంటి?" అంది ఆవిడ ఆ ముక్క తీసి తమ్ముడి అరచేతిలో పెడుతూ. "నేను చెప్పాల్సింది ఒక్కటేగా. వెళ్ళకండి."

ఆ మధ్యాహ్నం ఆకులు నూరడానికి రోలు చాలక పక్కింటావిడ రోలు కూడా తెచ్చారు. సొరకాయ నూడుల్స్ వీధి వీధంతా తిన్నారు. తమ్ముడి పళ్ళెంలో మాత్రం పుదీనా లేకుండా, బేజిల్ ఒక్కటే నూరి వేసింది మొక్కలావిడ.

చెయ్యి కడుక్కొచ్చి తమ్ముడు ఆఫీసరుకి ఫోన్ చేశాడు. ఆ పని తనకెందుకు కుదరదో, ఇక్కడి లిఫ్టుల్లో ఏది ఎప్పుడు ఏ అంతస్తులో ఆగిపోతుందో, కొత్తవాళ్ళొస్తే ఎన్ని తంటాలో, తనకిక్కడ ఎవరున్నారో అన్నీ చెప్పాడు. ఎంతసేపటికీ ఆపడం లేదు. వంటింట్లో అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు.

అవతల ఆఫీసరు ఓపిగ్గా అంతా విన్నాడు. "సరేనండీ, అర్థమైంది. సైలెంటుని ఇక్కడే ఉంచేద్దాం, ఇంకొకర్ని పంపిస్తాను," అన్నాడు. "అతనెలాగూ నోరు విప్పడు కాబట్టి మీరైనా చెప్పారు, మంచి పని చేశారు. ఇంతకీ మీరు అతనికి ఏమవుతారు?"