కుడికాలి లెక్క

అక్క ట్రంకుపెట్టెలోంచి ఏడు నోటుపుస్తకాలు మాయమైన రోజున ఇల్లంతా వెతికింది తమ్ముడే. ఆమె జ్వరంతో మంచం దిగలేకపోయింది. వాడు కట్టెల గది గాలించాడు, చివరికి పిండి డబ్బాలో కూడా చెయ్యి పెట్టి చూశాడు. దొరకలేదంటూ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "పోనీలేరా, బండి దిగేటప్పుడే పడిపోయుంటాయి" అని ఆమే ఓదార్చింది.

ఆ పుస్తకాల్లో ఉన్నది ఆమె మూడేళ్ళ నడక. ఆడమనిషిని వెంట రానిచ్చే వర్తకుల బిడారు లేదు కాబట్టి జుట్టు కత్తిరించుకుని, మగవేషం కట్టి, సూదులూ దారాలూ అమ్ముకుంటూ ఎడారి దారి పట్టింది. వర్తకులంతా వెనక్కి తిరిగే బావి దాకా వాళ్ళతో నడిచింది. అక్కణ్ణుంచి అవతలి బావి దాకా ఒంటరిగా వెళ్ళింది. ఆ దూరం ఏ పటంలోనూ లేదు.

కొలవడానికి ఆమెకున్నవి కాళ్ళే. కుడికాలు నేల తాకినప్పుడు మాత్రమే ఒకటి. వెయ్యి కాగానే, అంటే మైలు నడిచాక, నడుముకున్న తాడుకు ఒక ముడి. అలా పడిన ఇరవై ఆరు ముడులూ పుస్తకంలో రాసుకుంది. ఎడమకాలిని లెక్కలోకి తీసుకోలేదని మాత్రం ఎక్కడా రాయలేదు. కాలికి తెలిసిన సంగతి కాగితానికి చెప్పడం ఎందుకనుకుంది.

పుస్తకాలు పోయిన ఎనిమిది నెలల తర్వాత అచ్చుకూటం అద్దాల వెనక ఆ దారి పటం కనిపించింది. కింద తమ్ముడి పేరు. ఆ మూడేళ్ళూ ఓడ గుమాస్తాగా ఊళ్ళో లేకపోవడం వాడికి కలిసొచ్చింది; ఎడారిలో నడిచానంటే అందరూ నమ్మారు. దిబ్బల వంపులన్నీ ఆమె గీసినట్టే ఉన్నాయి. చివరి రెండు బావుల మధ్య మాత్రం పదమూడు మైళ్ళని ఉంది. ఆమె నడిచినవి ఇరవై ఆరు.

ఆమె వెళ్ళి నిలదీస్తే తమ్ముడు గొంతు పెంచలేదు. ఆడమనిషి పేరు చూస్తే భూగోళ సంఘం వాళ్ళు కట్ట కూడా విప్పరని, తన పేరుతోనైనా అక్క కష్టం వెలుగు చూసిందని నచ్చజెప్పాడు. ఆమెకు పిండి డబ్బా గుర్తొచ్చింది.

"పేరు నువ్వే ఉంచుకో. ఆ దూరం దిద్దు. నేను కుడికాలే లెక్కపెట్టాన్రా."

వాడు లేచి వీధి తలుపు దగ్గరికి వేశాడు. "ఇప్పుడు దిద్దితే, నడిచినవాడికి తన అడుగులే తెలియవా అంటారక్కా. నా పరువేం కావాలి?"

ఆ పటం నమ్ముకుని తొమ్మిదిమంది గురువారం బయలుదేరుతున్నారు. ఆమె వాళ్ళ గిడ్డంగికి వెళ్ళింది. నాయకుడు నీళ్ళ తోలు తిత్తులకు కుట్లు సరిచూస్తున్నాడు. ఆ చివరి దారికి ఒక్కరోజు నీళ్ళే అనుకున్నారట. ఆమె చెప్పిందంతా విని నవ్వాడు.

"తమ్ముడు పైకొస్తే అక్క కడుపు చల్లగా ఉండాలమ్మా, ఇలా మండితే ఎలా? సరే, ఆయన సంతకంతో ఒక్క ముక్క తెండి. రెట్టింపు నీళ్ళు మోయిస్తా."

ఉత్తరం ఆమే రాసింది. రెండే వాక్యాలు, కింద సంతకానికి చోటు. తమ్ముడింటికి మూడుసార్లు వెళ్ళింది. మూడుసార్లూ ఆయన ఇంట్లో లేరంది మరదలు, తలుపు సగమే తీసి. వాడి చెప్పులు మాత్రం గుమ్మం ముందే ఉన్నాయి.

బిడారు గురువారం పొద్దున్నే కదిలింది. వర్తకులు వెనక్కి తిరిగే బావికి చేరడానికి వాళ్ళకు పంతొమ్మిది రోజులు పడుతుంది. ఆలోగా ఉత్తరమిచ్చి గుర్రం మీద మనిషిని పంపితే ఇంకా అందుకోవచ్చు. ఉత్తరం మీద సంతకం పడలేదు.