సువా అతిథులకు పెట్టిన విందు

రాజధాని సువా నుంచి తమ దీవికి సర్వేవాళ్లు వస్తున్నారని తెలిసిన రోజే సెరువాయా తన మరిదికి నచ్చజెప్పబోయింది. "ఇనోకే, ఈసారి మన బతుకు ఉన్నది ఉన్నట్టు చూపించు. వెనకబడ్డ దీవుల జాబితాలో పడితేనే మనకి ఆసుపత్రి, నర్సు." నిరుడు ఆమె కోడలు వీకా పురిటికని పడవెక్కి, నడిసముద్రంలో బిడ్డను పోగొట్టుకుంది. ఇప్పుడు మళ్లీ ఆరో నెల.

ఊరిపెద్ద ఇనోకే ముఖం చిట్లించాడు. "అంత దూరం నుంచి వచ్చినోళ్లకి ఉడకేసిన కర్రపెండలం పెట్టి పంపమంటావా వదినా? తల ఎక్కడ పెట్టుకోను?"

అంతే, ఊరు ఊరంతా పూనకం వచ్చినట్టు కదిలింది. పక్క ఊరి నుంచి జనరేటరు అరువొచ్చింది. దుకాణంలో ఫ్రిజ్‌ను నలుగురు మోసుకొచ్చి సభాగృహంలో పెట్టారు. పెళ్లిళ్లకి దాచిన చాపలన్నీ పరిచారు. గోతిలో పందిని కాల్చారు. సెరువాయాకు ఒళ్లు మండిపోయింది. అయినా అతిథి మర్యాదగా తాగే యంగోన కషాయం గిన్నె చేతులు మారుతున్నంతసేపూ వెనక వరసలోని ఆడవాళ్లు నోరెత్తరు. సర్వే అధికారి ఫ్రిజ్ వైపు చూశాడు, బల్బు వైపు చూశాడు, కాగితం మీద టిక్కులు పెట్టుకున్నాడు.

భోజనాల దగ్గర సెరువాయాకు అవకాశం దొరికింది. సర్వేతో వచ్చిన అమ్మాయి ఆమె పక్కనే కూర్చుని మెల్లగా అడిగింది. "అమ్మా, మీకిక్కడ ఇబ్బందులేమైనా ఉన్నాయా?"

అమ్మాయి పళ్లెం ఖాళీగా ఉంది.

"ఇబ్బందా? ఏం లేదమ్మా, అన్నీ ఉన్నాయి. మొహమాటపడకు, తిను," అంటూ సెరువాయా ఇంకో చేపముక్క వడ్డించింది.

ఏమందో అన్నాక తెలిసింది. అప్పటికే అమ్మాయి రాసేసుకుంది. ఈ విందంతా అరువు సరుకని చెప్పి మరిది పరువు తీయడానికి ఆమెకు నోరు రాలేదు.

రెండు నెలలకు పడవ ఉత్తరం తెచ్చింది. దీవి బాగా పుంజుకుందట. సువాకీ దీనికీ తేడా తగ్గిపోయిందట. ఈ విడతలో ఆసుపత్రి అక్కర్లేదట. ఎనిమిదో నెల కడుపుతో వీకా పురిటికని అదే పడవెక్కింది.

"తేడా తగ్గిందట, వీళ్ల మొహం," అని తిట్టింది సెరువాయా. ఆ తిట్టు సగం తనకే తగిలింది.

ఇనోకే గడ్డం గోక్కున్నాడు. "మర్యాదలో ఎక్కడో లోటు జరిగుంటది వదినా. మళ్లీ పిలుద్దాం. ఈసారి రెండు పందుల్ని కోద్దాం."

పడవ కదిలింది. వీకా పొట్ట పట్టుకుని, నవ్వు తెచ్చిపెట్టుకుని పైనుంచి కేకేసింది.

"నాకేం ఇబ్బంది లేదత్తయ్యా, మీరు ఇంటికెళ్లండి."

సెరువాయా అక్కడే ఇసకలో కూలబడి ఏడ్చింది.