మూత తీయని మైక్రోస్కోప్

కంపెనీ వాళ్ళు బడికి ల్యాబ్ ఇచ్చి ఏడాది దాటింది. మైక్రోస్కోపులు, మోటార్లు, తీగలు, అద్దాల బీరువాల నిండా సామాను. తలుపుకి మాత్రం ఇంత లావు తాళం. దాని చెవి హెడ్మాస్టరుగారి జేబులో ఉంటుంది, జేబు మీద ఆయన చెయ్యి ఉంటుంది. ఇక సైన్స్ టీచరు ఏం చేస్తుంది? ఏడాది పొడుగునా మైక్రోస్కోపు బొమ్మ బోర్డు మీద గీసి, అదే మైక్రోస్కోపు అనుకోమంది.

"పిల్లల చేతులమ్మా! పడేస్తే కంపెనీకి నేనేం జవాబు చెప్పను?" అనేవాడాయన, ఆవిడ నెత్తీ నోరూ బాదుకున్నప్పుడల్లా. దుర్మార్గుడైతే తిట్టుకుని ఊరుకునేది. ఆయన ఉత్త పిరికివాడు. పిరికివాళ్ళతో వేగడం ఇంకా కష్టం.

ఆ ల్యాబ్ ఇప్పించింది ఆవిడ మరిదే. ఆ కంపెనీలోనే ఇంజనీరు.

"సామాను పడేసి చేతులు దులుపుకుంటే ఎట్లా వదినా? శనివారం శనివారం మేం నలుగురం వచ్చి పిల్లల చేతే చేయిస్తాం. మా డైరెక్టరుగారు ఊఁ అంటే చాలు. సోమవారం మీ బడి చూడ్డానికి వస్తున్నారు. కాస్త మెచ్చుకునేలా చూడు."

ఇంజనీర్లు వస్తే తాళం తీయక తప్పదని హెడ్మాస్టరూ ఒప్పుకున్నాడు. పదో తరగతి పిల్లలు ఇంకొన్ని నెలల్లో బడి వదిలి వెళ్ళిపోతారు. వాళ్ళకి ఇదొక్కటే అవకాశం. అందుకే ఆవిడ పళ్ళు బిగబట్టి, హెడ్మాస్టరు చెప్పినట్టే చేసింది. ఒక్కో వస్తువు ఒక్కో పిల్లకి అప్పగించి, చెప్పాల్సిందంతా క్లాసులోనే బట్టీ పట్టించింది. మైక్రోస్కోపు తోక వంతు. టీచరు ఎటు వెళ్తే అటే తిరుగుతుందని ఆ పిల్లకి క్లాసు పెట్టిన పేరది.

"ఉల్లిపొర ఒకటి పెడతాను సార్," అని బతిమాలింది టీచరు.

"ఇప్పుడు ఉల్లిపాయలు, నీళ్ళు, తడీ ఎందుకమ్మా? చూస్తున్నట్టు నిలబడితే చాలదూ?"

సోమవారం డైరెక్టరు వచ్చాడు. వెనకే మరిది, కెమెరా పట్టుకుని మరొకాయన. తోక కన్ను ఆనించి, గుక్క తిప్పుకోకుండా అందుకుంది. "ఉల్లిపొరలో కణాలు కనిపిస్తున్నాయి సార్. ఇటుకలు పేర్చినట్టున్నాయి. ప్రతి కణం చుట్టూ గోడ స్పష్టంగా ఉంది."

అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టబోయిన టీచరు చేతులు మధ్యలోనే ఆగిపోయాయి. కింది లెన్సుకి, డబ్బాలోంచి తీసిన నాటి నల్లమూత అలాగే ఉంది.

"అద్భుతం!" అన్నాడు డైరెక్టరు, మరిది భుజం తట్టి. "ఇంత చక్కగా నేర్చుకునే పిల్లలకి మన శనివారాలెందుకయ్యా? ఏదైనా వెనకబడ్డ బడి చూడు."

టీచరుకి ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కొంత, హెడ్మాస్టరు మీద కొంత, మిగతాదంతా తన మీదే.

"సార్, ఆ పిల్లకి ఏమీ కనిపించలేదు. లెన్సు మూతే తీయలేదు. తను చెప్పిందంతా నేను బట్టీ పట్టించింది. ఈ గది తెరవడం ఏడాదిలో ఇదే మొదటిసారి."

హెడ్మాస్టరు ముఖంలో నెత్తుటిచుక్క లేదు. డైరెక్టరు ఓ నవ్వు నవ్వి, "కంగారులో మర్చిపోయి ఉంటారు లెండి," అని ఫోటోకి బయటికి నడిచాడు.

"ఏం పని వదినా ఇది!" అంటూనే, "సార్, ఒక్క నిమిషం," అని మరిది ఆయన వెనక పరుగెత్తాడు.

కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది. మరిది తిరిగి లోపలికి రాలేదు.

టీచరు వంగి మూత తీసింది. బల్బు వేసింది. "ఇప్పుడు చూడవే."

తోక భయం భయంగా కన్ను ఆనించింది. "తెల్లగా వెలుతురే ఉంది టీచర్... ఉండండుండండి. నల్లగా గీతలు! కదులుతున్నాయి! నేను రెప్ప వేస్తే అవీ కదులుతున్నాయి!"

"నీ కనురెప్పల వెంట్రుకలే అవి."

"నావేనా?" పిల్ల ముఖం వెలిగిపోయింది. మిగతా పిల్లలు "నాకు, నాకు" అంటూ మీద పడ్డారు. టీచరుకి ఏడుపొచ్చినంత పనైంది. ఏడాది పాఠంలో ఆ పిల్ల తనంతట తాను చూసి చెప్పింది ఇదొక్కటే.

"ఇక చాలు, పదండి పదండి," అన్నాడు హెడ్మాస్టరు. అప్పటికే తాళం చేతిలోకి తీసుకున్నాడు.

టీచరు స్టూలు లాక్కుని కూర్చుంది.

"వేసుకోండి సార్. మేం లోపలే ఉంటాం."