పదిహేడు గురువారాలు

ఆ కౌన్సెలింగ్ సెంటరుకు ఉన్నవి రెండే గదులు. కింద మందుల షాపు, పైన వీళ్ళు. ముందు గదిలో నాలుగు కుర్చీలు, ఒక బీరువా. లోపలి గదిలో ఎదురెదురుగా రెండు కుర్చీలు, గోడకు చిన్న శిలువ. దాన్ని నడిపే పాస్టరు గారికి యాభై దాటాయి. సంసారాల్లో గొడవలున్నవాళ్ళూ, తాగుడు మానలేనివాళ్ళూ, అయినవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళూ వస్తారు. ఎవరి దగ్గరా పైసా తీసుకోరు. ఒక దాతల సంఘం సెషనుకు ఇంతని ఇస్తుంది.

లెక్కలు చూసే ఆమె అక్కడ చేరి రెండు నెలలైంది. వారానికి రెండు రోజుల పని. అంతకు ముందు ఏడాది ఆమె అదే సెంటరుకు ఓదార్పు కోసం వచ్చింది. తొమ్మిదేళ్ళ కూతురు జ్వరంతో నాలుగు రోజుల్లో పోయింది. ఆరు గురువారాలు వచ్చి లోపలి గదిలో కూర్చుని, ఏడవలేక, మాట్లాడలేక, ఏడో వారం మానేసింది. చేస్తున్న ఉద్యోగమూ వదిలేసింది. చాలా నెలల తర్వాత పాస్టరు గారే ఫోన్ చేసి, "చెల్లెమ్మా, మా లెక్కలు చూసిపెడతావా?" అన్నారు. సరేనంది. కాదనడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

ఆ ఏడు దాతల సంఘం కొత్త షరతు పెట్టింది. వార్షిక నివేదికలో వేసే ప్రతి అంకెనూ రిజిస్టరుతో సరిచూసి, సంతకం పెట్టి, అందరికీ కనబడేలా ప్రచురించాలి. రిజిస్టరులో పేర్లుండవు. నంబరు, తేదీ, పక్కన ఒక ముక్క. ఒక మధ్యాహ్నం ఆమె పాత రిజిస్టరు తీసుకుని కూర్చుంది.

నలభై ఏడో నంబరు ఆమెదే. వేలు పెట్టి లెక్కపెట్టింది. పదిహేడు గురువారాలు. మళ్ళీ లెక్కపెట్టింది. పదిహేడే.

ఏడో గురువారం పక్కన "మొదటిసారి ఏడ్చింది" అని ఉంది. పదోదాని పక్కన "పాప గురించి మాట్లాడింది". పద్నాలుగోదాని పక్కన "నిద్ర పడుతోంది". చివరిదాని పక్కన "నెమ్మది దొరికింది. ఇక రానక్కరలేదు."

ఏడోదాని నుంచి ఆ గురువారాలన్నీ ఆమె ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

కోపం వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. ఎవరో వేరే ఆవిడ ఏడ్చి, మాట్లాడి, నిద్రపోయి, తేరుకున్నట్టు అనిపించింది. ఆవిడ అదృష్టవంతురాలు అనుకుంది.

తర్వాత, వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గర టైము రాసే పుస్తకం తెచ్చి రిజిస్టరు పక్కన పెట్టుకుంది. సరిచూడటానికి రెండు రోజులు పట్టింది. రిజిస్టరులో ఎనిమిది వందల తొంభై సెషన్లు. పుస్తకంలో ఆరు వందల డెబ్బై ఎనిమిది. తేడా రెండు వందల పన్నెండు. సెషనుకు ఆరు వందల చొప్పున లక్షా ఇరవై ఏడు వేల రెండు వందలు.

ఆ కాగితం పాస్టరు గారి ముందు పెట్టింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూశారు. కింద పెట్టి, మళ్ళీ తీసి చూశారు.

"నీ నంబరు చూశావా?"

"చూశాను."

"మనిషి రాని రోజుకు వాళ్ళు డబ్బివ్వరమ్మా. అద్దె మాత్రం ఆగదు. మొదట ఒకటి రాశాను. తర్వాత చెయ్యి అలవాటు పడిపోయింది."

"నాకు నిద్ర పడుతోందని రాశారు."

"పట్టాలని ప్రార్థన చేశాను." "గురువారం నాలుగింటికి ఆ గదిలో ఇంకెవర్నీ కూర్చోబెట్టలేదు. వస్తావేమోనని ఒక్కణ్ణే కూర్చునేవాణ్ణి."

అది నిజమో కాదో ఆమెకు తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

"ఒక్క ఫోన్ చేసి ఉండాల్సింది, అన్నయ్యా."

ఆయన కళ్ళద్దాలు తీసి ఆ కాగితం మీద పెట్టారు.

"లెక్కలు నాకెందుకు ఇచ్చారు? చూస్తానని తెలీదా?"

"తెలుసో లేదో నాకే తెలీదమ్మా. ఇప్పుడేం చేస్తావు?"

"ఉన్నది రాస్తాను."

"సెంటరు మూతపడుతుంది."

"పడొచ్చు."

ఆదివారం ఆరాధన అయ్యాక సెంటరు కమిటీ కూర్చుంది. రిటైరైన హెడ్మిస్ట్రెస్ పెద్ద. పాస్టరు గారు లేచి నిలబడి, ఏదీ దాచకుండా తనే చెప్పారు. కమిటీలోనే ఉన్న కింది మందుల షాపాయన కంగారుపడ్డాడు.

"ఇది ఈ నాలుగు గోడలు దాటనివ్వొద్దండీ. దేవుడి పనికి మచ్చ."

"మచ్చ పడనే పడింది బాబూ," అంది హెడ్మిస్ట్రెస్. "దాని మీద దుప్పటి కప్పాలా వద్దా అన్నదే ఇప్పుడు మన ముందున్నది. నలభై మార్కులవాడికి అరవై వేసి పై క్లాసుకు పంపితే అక్కడ ఏడ్చేది ఎవరు? వాడే." లెక్కలు చూసే ఆమె వైపు తిరిగింది. "నువ్వేమంటావమ్మా?"

"నలభై ఏడో నంబరు నేనే. దాని దగ్గర ఆరు అని వేయించండి. నాకది చాలు."

ఉన్నది ఉన్నట్టు వేయాలని హెడ్మిస్ట్రెస్ తీర్మానం రాసింది.

నివేదిక పాత అంకెతో, సరైన అంకెతో, తేడాకు కారణంతో సహా బయటికి వచ్చింది. దాతల సంఘం డబ్బు పది వాయిదాల్లో తిరిగి కట్టమంది. ఇచ్చే సొమ్ము సగానికి తగ్గించింది. ముందు గది ఖాళీ చేయాల్సివచ్చింది. పాస్టరు గారిని కౌన్సెలింగుకు ఉంచి, చెక్కుబుక్కూ రిజిస్టరూ మాత్రం కమిటీవాళ్ళు తీసుకున్నారు. వచ్చినవాళ్ళు ఇకనుంచి తమ నంబరు పక్కన తామే పొడి సంతకం పెట్టాలి. చిన్న దాతలు ఇద్దరు మానుకున్నారు. నెలనెలా కొద్దిగా పంపే ఒక దర్జీ ఆవిడ ఫోన్ చేసి, "మీ నివేదిక చివరిదాకా చదివింది ఇదే మొదటిసారండీ," అంది. పంపడం మానలేదు. పెంచనూ లేదు.

నివేదిక వచ్చిన సాయంత్రం, బస్సు డిపోలో మెకానిక్‌గా చేసే ఆమె భర్త దాన్ని ఫోన్లో మొత్తం చదివాడు.

"ఏడో వారం కూడా నేను బండి తీసి కింద నిలబడ్డాను. నువ్వు లేవలేదు."

"గుర్తుంది."

"ఆయన మీద కోపం రాలేదా?"

"ఏదీ రావట్లేదు."

"సరేలే. వచ్చినప్పుడు చెప్పు. నా మీదైనా పర్లేదు."

"చెప్తాను," అంది.

బయట చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ మేడ మీదికి వెళ్ళి, ఆరేసిన బట్టలు తడవకముందే తీసుకువచ్చారు.