పోలిరాజు బోటు దెబ్బ

ఆ ఏడు మా ఆర్కెస్ట్రాలోకి జపాన్ పెట్టె ఒకటి దిగింది. మీట నొక్కితే వేణువు, ఇంకో మీట నొక్కితే డ్రమ్ము, అటుపక్కది నొక్కితే వానచప్పుడు. మా ఆర్కెస్ట్రా అంటున్నాను గానీ, అందులో నాది స్పీకర్ డబ్బాలు మోసే ఉద్యోగం. మామూలు రోజుల్లో ఫిషింగ్ హార్బర్లో ఐసు దిమ్మలు మోస్తాను. ఏదైనా మోతే. గిటార్ వాయించేది మా అక్క కొడుకు అర్జునరావు.

పెట్టె వచ్చిన వారానికే ఓనరు గంగాధరరావు వాణ్ణి పిలిచాడు.

"గిటార్ సప్పుడు కూడా ఇందులోనే ఉన్నాదిరా అర్జునా. మరి నీకు జాగా ఎక్కడ సూపించను?"

"ఆ పెట్టె పాట నా గిటార్ మీద నానొక్కణ్ణే వాయిత్తే?" అన్నాడు మావాడు రోషంగా.

గంగాధరరావు నవ్వి, ఓడ కళాసీ ఎవరో ఇచ్చిన క్యాసెట్టుకి కాపీ తీసి ఇచ్చాడు. పాడేవాళ్ళు లేరు, అంతా అలాంటి పెట్టెలు వాయించిన కరెంటు సంగీతమే. "బోట్ల సంఘం ఫంక్షన్లో వాయించు. జనం లేసి ఎల్లిపోకపోతే నీ జాగా నీదే. ఎల్లిపోతే మాత్రం నన్నడక్కు."

ఇక వాడికి తిండీ లేదు, నిద్రా లేదు. టేపు తిప్పడం, ఆపడం, మళ్ళీ వెనక్కి తిప్పడం. లావు తీగ వదులు చేసి గుమ్మెటలా మోగించాడు. అగరొత్తుల డబ్బా చింపి, ఆ అట్టముక్క తీగల మధ్య దోపితే గిటార్ తుమ్మెదలా జుమ్మంది. అరచేయి ఆనించి మోత నొక్కేశాడు. బొటనవేలు డ్రమ్ము, మిగతా వేళ్ళు పాట.

"అందులో ఎనిమిది మోతలున్నాయి మావా. నాకు సేతులు రెండే. కొన్ని వదిలెయ్యాలి, వదిలేసినట్టు వినేవోడికి తెలీకూడదు."

"మీ అత్త కూరలో సేప ముక్కలు వదిలేసినట్టా?"

"నవ్వకు మావా. బొటనవేలు కుదరట్లేదు. అదెక్కడో తడబడతాది."

మనిషి అంత శ్రద్ధగా కూర్చుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు. ఇంతకుముందు వాడి గిటార్ పొట్టలో ఎండు నెత్తళ్ళ చేపలు పోసినవాణ్ణి. పిల్లులు వాడి వెనకాలే వీధంతా తిరిగాయి. ఈసారి వాడి టేపురికార్డరు క్యాసెట్టుతో సహా చంకన పెట్టుకుని తెల్లారగట్ల జెట్టీకి వెళ్ళాను. పోలిరాజు బోటు స్టార్టు చేస్తుంటే, క్యాసెట్టు చివర్న పాటమీదే ఆ చప్పుడు ఎక్కించేశాను. దాని ఇంజనుకి ఓ జబ్బుంది. డుగ్, డుగ్ అని రెండు దెబ్బలు సరిగ్గా కొడుతుంది, మూడోది కాస్త ఆలస్యంగా, దగ్గినట్టు కొడుతుంది.

మర్నాడు తలుపు సందులోంచి చూస్తే మావాడు కళ్ళు మూసుకుని బోటు ఇంజను వాయిస్తున్నాడు! నోట్లో కండువా కుక్కుకుని నవ్వాను.

ఆ నవ్వు ఫంక్షన్ రోజుదాకానే. జెట్టీ పక్కన వేసిన పందిట్లో జనాన్ని చూశాక మోస్తున్న స్పీకర్ డబ్బా కింద పెట్టేశాను. కూర్చున్నవాళ్ళంతా బోట్లవాళ్ళే. ఇంజను చప్పుడు వినిపిస్తే ఈలలేసి లేచిపోతారు. వాడి జాగా నా చేతులారా పోగొట్టానే అనుకుంటూ స్టేజీ వెనక్కి పరిగెత్తాను.

"ఒరే అల్లుడా, ఆ సివరి ముక్క వాయించకు..."

"మావా, స్పీకర్ వైరు పట్టుకో, పో." వినిపించుకోకుండా ఎక్కేశాడు.

మొదలుపెట్టాడు. తుమ్మెద జుమ్మంది, గుమ్మెట మోగింది. జనం కదల్లేదుగానీ ఏదో బరువు మోస్తున్నట్టు ముఖాలు పెట్టారు. వెనక వరసలో ఇద్దరు చెప్పులు వెతుక్కుంటున్నారు. అప్పుడు బొటనవేలు ఆ దెబ్బ ఎత్తుకుంది. డుగ్, డుగ్... డుగ్. దానిమీద పాట ఎక్కింది, అలమీద తెప్ప ఎక్కినట్టు.

ముందు వరసలో పోలిరాజు లేచి నిలబడ్డాడు.

"ఓర్నాయనో! ఇది నా బోటు కాదేటి!"

పందిరంతా గొల్లున నవ్వింది. చెప్పులు దొరికినవాళ్ళు కూడా వాటిని వదిలేసి చప్పట్లతో ఆ దెబ్బే వేస్తున్నారు. మూడోది ఆలస్యంగా, అందరూ ఒకేసారి. మావాడు ఆ ముక్కని మళ్ళీ మళ్ళీ వాయించాల్సొచ్చింది.

దిగొచ్చాక నా చెవి పట్టుకున్నాడు, మేనమామనని కూడా చూడకుండా.

"పుట్టిన కాణ్ణుంచి ఇంటన్నాను మావా. పోలిరాజు బోటు నాకు తెలీదేటి? ఇన్నప్పుడే తెలిసిపోనాది, నువ్వే ఎక్కించావని కూడా."

"మరెందుకు వాయించావురా?"

"మెషిన్ దెబ్బలన్నీ ఒకటే కొలత. నా బొటనవేలు మెషినేటి? ఈ కుంటి దెబ్బయితే సరిగ్గా అతికింది. ఆ సివరి ముక్కంతా దీనిమీదే మళ్ళీ కట్టీసినాను. ఇంకోటి, నువ్వు సెమటలు కక్కుతుంటే సూడాలని కూడా ఉన్నాది."

గంగాధరరావు అప్పటికే పెట్టె ముందు కూర్చుని మీట తరవాత మీట నొక్కుతున్నాడు. వేణువొచ్చింది, వానొచ్చింది, ఆ దగ్గు మాత్రం రాలేదు. తలెత్తకుండానే అన్నాడు, "గాజువాక పెళ్ళికి గిటార్ తెచ్చుకో అర్జునా. మీ మావని మాత్రం టేపురికార్డరు ముట్టుకోనివ్వకు."

పోలిరాజు మటుకు ఆ తరవాత కాలరెగరేసుకుని తిరిగాడు. మెకానిక్కు వచ్చి ఇంజను బాగుచేస్తానంటే పానా లాక్కున్నాడు.

"ముట్టుకున్నావంటే సేతులిరిసేత్తాను. పాటకి కొలత పోతాది."